క్యాసెట్ ఉంది, డెక్ ఏది?

అక్క పెళ్లి 1994 వేసవిలో తణుకులో జరిగింది. ఆ పెళ్లి క్యాసెట్ ముప్ఫై ఏళ్లుగా అమ్మ బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటోంది. నాన్న స్కెచ్ పెన్నుతో వధూవరుల పేర్లు, ముహూర్తం రాసి అతికించిన కాగితం పసుపెక్కింది కానీ అక్షరం చెరగలేదు. ఇంట్లో డెక్ పాడయ్యాక, 2006లో ఒక దుకాణంలో ఇచ్చి దాన్ని డీవీడీ చేయించాం. బొమ్మ వణికేది. మొహాలు పక్కలకి సాగి ఉండేవి. అయినా పండక్కి అందరం చేరినప్పుడల్లా పెట్టుకుని చూసేవాళ్లం. అప్పగింతల దగ్గరకి వచ్చేసరికి మాత్రం నాకు లోపల కలుక్కుమనేది. అక్క చెయ్యి పట్టుకుని అమ్మమ్మ పాట పాడుతూ ఉంటుంది. పెదవులు కదులుతుంటాయి, మెడ నరాలు ఉబ్బుతుంటాయి. వినిపించేది ఒక సినిమా పాట.

ఆ రోజుల్లో పెళ్లి వీడియోలన్నీ అలాగే ఉండేవి. సన్నాయి మోగేచోట, ఆడవాళ్లు పాడేచోట, ఏడ్చేచోట సినిమా పాట వేస్తేనే క్యాసెట్‌కి కళ అనుకునేవారు. ఎవరినీ తప్పుపట్టలేం, మేమూ అప్పుడు మెచ్చుకున్నాం. అమ్మమ్మ 1999లో పోయింది. ఆవిడ గొంతు మరో చోట ఎక్కడా లేదు.

ఆ క్యాసెట్‌ని ఇంట్లో కంప్యూటర్‌లోకి నేనే ఎక్కించుకోవాలని నిరుడు పూనుకున్నాను. ఈ కథనం ఆ ఏడాది పని నేర్పిన సంగతులు. మీ బీరువాలోనూ అలాంటి క్యాసెట్ ఉండే ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

డెక్ అద్దెకి తెచ్చిన రాత్రులు

జపాన్‌లో సోనీ 1975లో బీటామ్యాక్స్ అనే వీడియో క్యాసెట్ పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడాది జేవీసీ వీహెచ్ఎస్ తెచ్చింది. మన దగ్గర 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌తో కలర్ టీవీ వచ్చాక వీడియో ఊపందుకుంది. సొంతంగా కొనగలిగినవాళ్లు కొద్దిమందే. సంక్రాంతికో, పుట్టినరోజుకో టీవీ, డెక్, మూడు సినిమా క్యాసెట్లు రాత్రికి అద్దెకి తెచ్చుకునేవాళ్లం. అరుగు మీద టీవీ పెట్టి, వీధి వీధంతా చాపలేసుకుని తెల్లారేదాకా చూసేది. మనవాళ్లకి రికార్డు కూడా చేసే వీసీఆర్, ఆడించడం ఒక్కటే చేసే వీసీపీ అన్న తేడా లేదు, అన్నీ డెక్కులే.

తర్వాత పెళ్లి వీడియోలు వచ్చాయి. భుజాన పానసోనిక్ ఎం3000, ఎం9000 లాంటి పెద్ద కెమెరా పెట్టుకున్న ఒకతను, వెనకాల కళ్లు చెదిరే లైటు ఎత్తి పట్టుకున్న కుర్రాడు. తలంబ్రాలప్పుడు ఆ లైటు వేడికి పెళ్లికూతురి బొట్టు కారిపోయేది. ఇలా ఇరవై ఏళ్ల పాటు తెలుగు ఇళ్లలోని పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అరంగుళం వెడల్పున్న అయస్కాంతపు టేపు మీదకి ఎక్కాయి.

ఆ టేపు ఇప్పటికీ చాలా ఇళ్లలో బాగానే ఉంది. పోతున్నది దాన్ని ఆడించే యంత్రం. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. అంతకుముందు ఏడాది అది అమ్మినవి ఏడున్నర లక్షలు. అంటే ఈరోజు మీరు కొనగలిగే డెక్ ఏదైనా పాతదే, దాని విడిభాగాలూ పాతవే. అయస్కాంతపు టేపుల మీద ఉన్నదాన్ని 2025లోగా డిజిటల్‌లోకి మార్చుకోకపోతే చాలావరకు పోగొట్టుకుంటామని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే హెచ్చరించింది. టేపు పాడవడం ఒక కారణమైతే, ఆడించే యంత్రాలు, వాటిని బాగుచేసే చేతులు కరువవడం మరో కారణం. ఆ గడువూ వచ్చేసింది.

నేను తలకిందులుగా మొదలుపెట్టాను

అందరిలాగే నేనూ ముందు కంప్యూటర్ వైపు నుంచి ఆలోచించాను. ఒక చివర యూఎస్‌బీ, మరో చివర పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉండే చిన్న క్యాప్చర్ పరికరాన్ని వెయ్యి రూపాయల లోపే ఆన్‌లైన్‌లో కొన్నాను. డెక్ ఏదైతేనేం, ఆడితే చాలనుకున్నాను. మిత్రుడి ఇంటి అటక మీద ఒక వీసీపీ ఉంటే తెచ్చి తగిలించాను. బొమ్మ వచ్చింది. పైభాగం గాలికి తెరచాపలా వంగి ఊగుతోంది. పావుగంట గడిచేసరికి పురోహితుడి పెదవులకీ మంత్రానికీ పొంతన లేకుండా పోయింది.

తప్పు పరికరానిదే అనుకుని ఇంకో పరికరం కొన్నాను. అదే వరస. అప్పుడు గానీ డెక్ లోపల జరిగేదేమిటో చదవాలనిపించలేదు.

క్యాసెట్ లోపలికి వెళ్లగానే డెక్ టేపుని బయటికి లాగి, ఏటవాలుగా ఉన్న ఒక లోహపు డ్రమ్ముకి చుడుతుంది. దాని వ్యాసం 62 మిల్లీమీటర్లు. మన టీవీల పాల్ పద్ధతిలో అది నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకి 25 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్లు టేపు మీద ఏటవాలు గీతల్ని చదువుతూ పోతాయి. ఒక్కో గీత ఒక సగం బొమ్మ, రెండు గీతలు కలిస్తే ఒక ఫ్రేము. టేపు మాత్రం సెకనుకి 23 మిల్లీమీటర్ల కన్నా కాస్త ఎక్కువ వేగంతో, చీమ నడకన కదులుతుంది. అందుకే 258 మీటర్ల టేపులో మూడు గంటల పెళ్లి పడుతుంది. ఈ-180 అని క్యాసెట్ మీద ఉండేది ఆ నిమిషాల లెక్కే.

ఫ్రేముకి 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. అంటే డెక్ ప్రతి సెకనూ 15,625 గీతల్ని ఒకదాని కింద ఒకటి సమంగా పేర్చాలి. ముప్ఫై ఏళ్లు చుట్టుకుని ఉన్న టేపు కాస్త సాగుతుంది. అరిగిన రబ్బరు రోలరు కాస్త జారుతుంది. ఒక గీత రవ్వంత ముందు, మరోటి రవ్వంత వెనక మొదలవుతుంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఈ తడబాటుని ఓర్చుకుని తానూ దానితోపాటు ఊగి సర్దుకునేది. కంప్యూటర్‌కి ఆ ఓర్పు లేదు. గీత వేళకి రాకపోతే ఫ్రేమునే వదిలేస్తుంది. శబ్దం మాత్రం ఆగకుండా సాగిపోతుంది. నా పురోహితుడి మంత్రం తప్పిపోయింది ఇందుకే.

కాబట్టి డబ్బు, ఓపిక, వెతుకులాట అన్నీ ముందు డెక్ మీద పెట్టాలి. మిగతా సరంజామా ఆ తర్వాత.

ఎలాంటి డెక్?

వెనక వైపు చూడండి. యాంటెనా తీగ పెట్టే రంధ్రం ఒక్కటే ఉంటే వదిలేయండి. పసుపు రంగు వీడియో పిన్ను, శబ్దానికి తెలుపు, ఎరుపు పిన్నులు ఉండాలి. వాటితోపాటు ఎస్-వీడియో అనే గుండ్రటి నాలుగు సూదుల సాకెట్టు ఉంటే అదృష్టం. అది వెలుగునీ రంగునీ విడివిడిగా పంపిస్తుంది కనుక ఎర్ర పట్టుచీర అంచున చుక్కలు పాకవు. మామూలుగా ఈ సాకెట్టు 1987లో వచ్చిన ఎస్-వీహెచ్ఎస్ తరగతి డెక్కులకే ఉంటుంది. అవి మామూలు క్యాసెట్లనీ ఆడిస్తాయి.

‘నాలుగు హెడ్ల డెక్’ అని దుకాణదారులు గట్టిగా చెబుతారు. మామూలు వేగంతో రికార్డయిన పెళ్లి క్యాసెట్‌ని ఆడించడానికి రెండు హెడ్లు సరిపోతాయి. అదనపు హెడ్లు బొమ్మని నిలిపి చూడటానికి, రెట్టింపు నిడివి కోసం నెమ్మదిగా తీసిన టేపులకి పనికొస్తాయి. హెడ్ల లెక్క కన్నా అవి ఎంత అరిగాయన్నదే ముఖ్యం.

గీతల తడబాటుని సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ లోపలే ఉన్న డెక్కులు కొన్ని వచ్చాయి. పాల్‌లో పానసోనిక్ ఎన్‌వీ-ఎఫ్ఎస్200, అమెరికా పద్ధతిలో పానసోనిక్ ఏజీ-1980 పేరున్నవి. ఇప్పుడు అరుదు, ఖరీదు, దొరికినా లోపలి కెపాసిటర్లు కారిపోయి ఉండే ప్రమాదం ఎక్కువ. వాటి వెంట పడమని చెప్పను. డెక్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పాత డీవీడీ రికార్డర్ ఒకటి పెట్టుకునే ఉపాయం ఉంది. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 లాంటివి తమగుండా వెళ్లే సిగ్నల్‌ని చాలావరకు నిలకడగా చేసి పంపుతాయి. డిస్కు ట్రే పనిచేయకపోయినా ఫరవాలేదు, మనకి కావలసింది దాని లోపలి సర్క్యూటే. తెరచాపలా ఊగిన నా బొమ్మ నిటారుగా నిలబడింది ఇలాంటి రికార్డర్ వల్లే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు 90ల్లో పంపిన క్యాసెట్లకి ఇంకో చిక్కు ఉంది. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు. మా చిన్నాన్న అక్కడ నుంచి పంపిన మొదటి బర్త్‌డే క్యాసెట్‌ని మా డెక్‌లో పెడితే నలుపు తెలుపు చారలు తప్ప ఏమీ కనిపించలేదు. నానమ్మ ఆ చారల్నే కాసేపు చూసి, మనవడు ఎక్కడున్నాడని అడిగింది. మన దగ్గర దొరికే మల్టీ సిస్టమ్ డెక్కులు కొన్ని ఆ టేపుల్ని పాల్ టీవీకి సరిపోయేలా సగం మార్చి పంపిస్తాయి. టీవీ దాన్ని ఒప్పుకుంటుంది. చాలా క్యాప్చర్ పరికరాలు ఒప్పుకోవు. డెక్‌లో అసలు ఎన్‌టీఎస్‌సీనే బయటికి పంపే మీట ఉందో లేదో చూసి కొనండి. అక్కడే ఉంటున్నవాళ్లకి దీనికి తిరగేసిన సమస్య. ఇండియా నుంచి తీసుకెళ్లిన పెళ్లి క్యాసెట్ అక్కడి మామూలు డెక్‌లో ఆడదు. అలాంటి టేపుని ఇక్కడ, పాల్ డెక్ మీద ఎక్కించి ఫైలు పంపించడమే తేలిక.

దొరికేచోటు అంటారా, హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, ఆదివారం ఎర్రగడ్డ సంత, మద్రాసులో రిచీ స్ట్రీట్. అన్నిటికన్నా మంచి చోటు బంధువుల అటక. పెద్దగా వాడకుండా గుడ్డ కప్పి దాచిన డెక్‌కి మించింది లేదు. ఎక్కడ తీసుకున్నా పోయినా బాధ లేని ఒక సినిమా క్యాసెట్ వెంట తీసుకెళ్లండి. పెట్టి, ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పి, బయటికి తీయండి. క్యాసెట్ మూత ఎత్తి టేపు అంచు చూడండి. మడత పడిందా, గీత పడిందా? అలాంటి డెక్ రేపు మీ పెళ్లి టేపుని తినేస్తుంది.

పెట్టేముందు

క్యాసెట్ వెన్ను వైపు అంచున ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. వీసీఆర్‌లో పెట్టేముందు తప్పకుండా విరవండి. పిల్లలో పెద్దలో పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే తలంబ్రాల మీద ఏ నీలి తెరో పడుతుంది, ఇక తిరిగి రాదు. వీసీపీకి రికార్డు చేసే గుణమే లేదు కనుక ఆ భయం లేదు.

కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. నల్లగా నిగనిగలాడాలి. తెల్లటి పొడో, బూజు చుక్కలో కనిపిస్తే ఆ క్యాసెట్‌ని డెక్‌లో పెట్టొద్దు. కోస్తా ఊళ్ల ఉక్కపోతలో ఇది మామూలే. మా ఇంట్లో పద్నాలుగు క్యాసెట్లుంటే మూడింటికి పట్టింది. ఆ బూజు హెడ్లకి అంటుకుంటే తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. వాటిని విడిగా సిలికా జెల్ పొట్లాలతో మూసిన డబ్బాలో ఆరబెట్టి, ఆ పని తెలిసినవాళ్ల చేతిలో పెట్టడమే మంచిది. టేపు తెగినా, పెంకు పగిలినా కంగారు పడక్కర్లేదు. వెనక ఐదు మరలు విప్పి చుట్టల్ని వేరే క్యాసెట్ పెంకులోకి మార్చుకోవచ్చు.

హెడ్లని చెవిపుల్లతో తుడవకండి. దూది పోగు చిక్కుకుని హెడ్ విరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి తోలుముక్కని డ్రమ్ముకి ఆనించి పట్టుకుని, డ్రమ్ముని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పైకీ కిందకీ రుద్దకూడదు.

కంప్యూటర్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే డెక్ కుదిరాక అక్కడ కష్టం తక్కువ. టేపుని ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్లు వర్చువల్‌డబ్, ఓబీఎస్ ఉచితంగా దొరుకుతాయి. ఓబీఎస్‌లో మామూలుగా ఉండే సెకనుకి 30 లేదా 60 ఫ్రేముల లెక్కని మన క్యాసెట్లకి 25కో, 50కో మార్చాలి. బొమ్మ కొలత 720×576. డెక్ సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐగా మార్చే చవక డబ్బాలు వాడొద్దు. 2006లో మా వాళ్ల మొహాలు సాగినట్టే, అవీ నాలుగు-మూడు నిష్పత్తి బొమ్మని వెడల్పు తెరకి సాగదీస్తుంటాయి. వీలైతే హఫ్‌వైయూవీ లాంటి, నాణ్యత ఏమాత్రం తగ్గించని పద్ధతిలో మూల ప్రతి దాచండి. గంటకి ముప్ఫై నలభై జీబీ అయినా అవుతుంది, హార్డ్‌డిస్క్ కొనండి. బంధువులకి పంపడానికి దానిలోంచి చిన్న ఫైలు తర్వాత చేసుకోవచ్చు.

ఒక టేపు, రెండు శబ్దాలు

ఇంతా చేసి బొమ్మ కుదిరింది. అప్పగింతల దగ్గర సినిమా పాట మాత్రం అలాగే ఉంది. టేపులోనే అలా ఉందని ఒప్పేసుకున్నాను.

మిత్రుడి వీసీపీ బెల్టు వదులైతే కోఠిలో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. చిన్న గది, గోడ పొడుగునా విప్పిన డెక్కులు. మాటల్లో అమ్మమ్మ పాట సంగతి చెప్పాను. ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి అడిగాడు. “గది కెమెరా క్యాసెట్టేనా సార్? లేకుంటె కాపీనా?”

కెమెరాలోంచి తీసి ఇచ్చిందే అన్నాను. మా ఊళ్లో అప్పట్లో ఎడిటింగ్ ఏదీ లేదు, పాటలు కూడా ఆ క్యాసెట్ మీదే వేసి ఇచ్చారు.

“అయితె ఒక్క టేపుల రెండు సౌండ్లుంటయ్. మీరు ఒకటే ఇంటున్నరు.”

ఆయన చెప్పింది తర్వాత చదివి రూఢి చేసుకున్నాను. వీహెచ్ఎస్ టేపు అంచున ఒక సన్నటి పట్టీ మీద మామూలు శబ్దం ఉంటుంది. దాన్ని నిలకడగా ఉండే ఒక హెడ్ చదువుతుంది. 1980ల్లో హై-ఫై అనే రెండో పద్ధతి వచ్చింది. ఆ శబ్దాన్ని డ్రమ్ము మీద తిరిగే వేరే హెడ్లు టేపు పూత లోతుల్లో రాస్తాయి. దాని పైపొరలో వీడియో హెడ్లు బొమ్మ రాస్తాయి. కెమెరా హై-ఫైది అయితే ఒకే శబ్దం రెండుచోట్లా పడుతుంది. తర్వాత ‘ఆడియో డబ్’ బటన్ నొక్కి పాట వేస్తే అది అంచు పట్టీ మీది శబ్దాన్నే చెరిపేస్తుంది. బొమ్మ కిందున్న శబ్దాన్ని చెరపాలంటే బొమ్మనీ చెరపాల్సిందే. కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేరు.

మిత్రుడి వీసీపీ మోనో. దానికి ఆ హెడ్లే లేవు. 2006లో డీవీడీ చేసినచోట ఏ డెక్ వాడారో తెలియదు కానీ వినిపించింది అంచు పట్టీయే. కాపీ చేసిన క్యాసెట్ అయితే ఈ ఆశ లేదు, పాట రెండుచోట్లా పడి ఉంటుంది. కెమెరాకి హై-ఫై లేకపోయినా లేదు. అందుకే మీ ఇంట్లో ఒకే పెళ్లివి రెండు మూడు క్యాసెట్లుంటే అసలుది ఏదో కనుక్కోండి. అందంగా అట్ట వేసింది కాకుండా, అక్షరాలు గీకేసిన పాతదే అసలుది కావచ్చు.

ముందు భాగాన హై-ఫై అని రాసి ఉన్న డెక్ కోసం నాలుగు నెలలు తిరిగాను. విశాఖలో ఒక బంధువు అటక మీద దొరికింది. కోఠి పెద్దాయనే హెడ్లు తుడిచి, రోలరు మార్చి ఇచ్చాడు. ఇంటికొచ్చి క్యాసెట్ పెట్టాను. మళ్లీ సినిమా పాటే. కాళ్లు చల్లబడ్డాయి.

ఆయనకి ఫోన్ చేస్తే ట్రాకింగ్ తిప్పమన్నాడు. హై-ఫై హెడ్ల కింద గీత సరిగ్గా పడకపోతే డెక్ చెప్పాపెట్టకుండా అంచు శబ్దానికి మారిపోతుంది. బొమ్మ మాత్రం బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు. ఆటోమేటిక్ ట్రాకింగ్ ఆపి, చేత్తో ఒక్కో మెట్టు జరుపుతూ పోయాను. బరబరమని చప్పుడు, పాట ముక్క, మళ్లీ బరబర. ఇంకో రెండు మెట్లు. డెక్ ముందు హై-ఫై అక్షరాలు వెలిగి నిలబడ్డాయి.

సినిమా పాట పోయింది. పందిట్లో గోల వచ్చింది. ఎవరో పిల్లాడి ఏడుపు, గిన్నెల చప్పుడు, దూరంగా డోలు. వాటి మధ్య అమ్మమ్మ. నేను గుర్తుపెట్టుకున్న దానికన్నా సన్నటి గొంతు, కాస్త జీర. ఒకచోట మాట అందక ఆగింది. పక్కనుంచి అమ్మ అందించింది. అమ్మ గొంతు అక్క గొంతులాగే ఉంది.

రాత్రి డల్లాస్‌లో ఉన్న అక్కకి వీడియో కాల్‌లో వినిపించాను. తను మాట్లాడలేదు, ఇంకోసారి పెట్టమని చెయ్యి ఊపింది.

పాట మూడో చరణంలో ఉండగా వీడియో అతను అంటాడు, “త్వరగా కానివ్వండి మామ్మగారూ, క్యాసెట్ అయిపోతోంది.” అమ్మమ్మ పట్టించుకోకుండా అదే నడకలో పాడుతుంది. మూడు గంటల టేపు అక్కడితో అయిపోయింది. చివరి చరణం అందులో లేదు.

అది అమ్మకి వచ్చు. మర్నాడు పొద్దున్నే వంటింట్లో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.